చొక్కా మీద పడ్డ నీళ్ళు

"నాకు జవాబు చెప్పేదాకా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను."

ఆ మాట అని చిన్నకోడలు ఊరుకోలేదు. మంచం కింది నుంచి పెట్టె బయటికి లాగి, బీరువాలోని బట్టలు చేతికొచ్చినవి వచ్చినట్టే అందులో కుక్కడం మొదలుపెట్టింది. గది మూల కుట్టు మిషను మీద సగం కుట్టిన స్కూలు యూనిఫారం అలాగే ఉండిపోయింది. సూది ఇంకా గుడ్డలోనే దిగబడి ఉంది.

ఆమె భర్త చిన్నోడిని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారో లేదో ఈ రభస. పొయ్యి మీద పెట్టిన టీ ఇంకా కప్పుల్లో పడలేదు.

వాడు కిటికీ పక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళలో కామెర్ల పసుపు పూర్తిగా పోలేదు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. వేళాకోళం లేకుండా నోరు విప్పని మనిషి, పెళ్ళాం పెట్టె సర్దుకుంటుంటే ఉలుకూ పలుకూ లేకుండా దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నాడు.

"ఐదో నెల కడుపుతో పెట్టె మోస్తావా? కింద పెట్టు," అంది అత్తగారు గుమ్మంలోంచి.

"కడుపుతో ఉన్నాను కాబట్టే అడుగుతున్నానత్తయ్యా." చిన్నకోడలు నడుము మీద చెయ్యి వేసుకుని లేచింది. తోడికోడలి వైపు తిరిగింది. "అక్కా, నువ్వు చెప్పు. ఆయన మీద పడిందేమిటి?"

పెద్దకోడలు ఆ ఊరి ఆస్పత్రిలో డాక్టరు. మరిదికి వైద్యం చేసి గట్టెక్కించింది ఆవిడే. మందుల సంచిలోంచి మాత్రలు తీసి బల్ల మీద పేరుస్తూ, తల ఎత్తకుండా అంది:

"తగ్గిపోయింది కదమ్మా. ఇక ఈ మాత్రలు వేళకి వేసుకుంటే..."

"తగ్గింది ఆయనకి. నేనడుగుతోంది నా సంగతి. ఆ చొక్కా, ఆ ప్యాంటు ఉతికింది నేను. ఈ చేతులతో!"

రెండు చేతులూ ముందుకు చాపింది. చూపుడు వేలి కొసన సూది గుచ్చుకున్న పాత మచ్చలు. వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా పొక్కులు లేచి ఊడుతోంది.

ఆ రోజు జరిగింది ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. చిన్నోడు ట్యాంకరు డ్రైవరు. భూమి లోపలి రాతిపొరల్ని పగలగొట్టి గ్యాసు తీయడానికి కంపెనీవాళ్ళు ఏవేవో కలిపిన నీళ్ళను బావుల్లోకి బలంగా కొడతారు. పని అయ్యాక ఆ నీళ్ళు తిరిగి పైకి వస్తాయి, లోపలికి పోయినప్పటికంటే మురికిగా. వాటిని శుద్ధి ప్లాంటుకు చేరవేయడం వాడి ఉద్యోగం. ఆ రోజు పైపు ఊడి, నీళ్ళు వాడిని నిలువెల్లా తడిపేశాయి. తడిబట్టలతోనే ఇంటికొచ్చి, "ఇవాళ స్నానం కంపెనీ ఖాతాలో అయిపోయింది," అని నవ్వాడు. భార్య ఆ బట్టలను సబ్బునీళ్ళలో నానబెట్టి, చేత్తో రుద్ది, ఉతికి ఆరేసింది. మర్నాడు వాడికి మూత్రం కాఫీ రంగులో వచ్చింది. ఆపై బాత్రూము గుమ్మంలోనే కుప్పకూలిపోయాడు.

"చేతులకి పూత మందు ఇస్తాను," అంది పెద్దకోడలు. "రేపు నాతో ఆస్పత్రికి రా. రక్తం పరీక్ష చేయిద్దాం."

"దేనికి పరీక్ష?"

"ఊరికే. ఎందుకైనా మంచిదని."

"ఊరికే ఎవరైనా సూదులు గుచ్చుతారా అక్కా? ఏదో ఉంటేనే కదా వెతుకుతారు. ఆ ఏదో ఏమిటి?"

పెద్దకోడలు మాత్రల డబ్బా మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్ళీ బిగించింది.

అత్తగారు మూత తిప్పుతున్న ఆ చేతుల వైపే చూస్తోంది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో చేసి రిటైరైన మనిషి ఆవిడ. "అమ్మాయ్," అంది నెమ్మదిగా. "లైను తెగిపోయి మాట రాకపోవడం వేరు, మనిషి అవతల ఉండి కూడా మాట్లాడకపోవడం వేరు. నాకా తేడా తెలుసు. నువ్వు అవతలే ఉన్నావు."

"నేను చెప్పలేను అత్తయ్యా."

"తెలీకనా?"

పెద్దకోడలు ఖాళీ అయిన మందుల సంచి మడత పెట్టసాగింది.

చిన్నకోడలి ముఖం పాలిపోయింది. "అంటే తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళుగా నా పక్కన కూచుని తిన్నావు. కడుపు మీద చెయ్యి పెట్టి బిడ్డ తన్నుతోందా అని అడిగావు."

అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడైంది. చెవి దగ్గర ఫోను పెట్టుకునే లోపలికొచ్చాడు పెద్దవాడు. గ్యాసు బావుల దగ్గర సైటు ఇన్‌చార్జి అతనే. తమ్ముడికి డ్రైవరు ఉద్యోగం వేయించిందీ అతనే. గది గుమ్మంలో అందరి ముఖాలూ చూసి, "తర్వాత చేస్తా," అని ఫోను కట్టేశాడు.

"ఏమిటీ గొడవ? వాడిని పడుకోనివ్వరా?"

"బావగారూ, మీరైనా చెప్పండి. మీ సైటులో నీళ్ళే కదా. వాటిలో ఏం కలుపుతారు?"

"నాకేం తెలుసమ్మా. డ్రమ్ములొస్తాయి, వాటి మీద నంబర్లుంటాయి. మేం కలుపుతాం. పేర్లు మాకూ చెప్పరు." అతని గొంతు మెత్తగానే ఉంది. "మీ అక్కకి మాత్రం కంపెనీవాళ్ళు చెప్పారు, వీడు బతకాలని. ఎవరికీ చెప్పనని సంతకం పెడితేనే చెప్పారు. ఆవిడ మాట తప్పితే కోర్టుకీడుస్తారు. డాక్టరు పట్టా కూడా పోవచ్చు. నీకది ఇష్టమేనా?"

ఈ సంతకం సంగతి చిన్నకోడలికీ, అత్తగారికీ అప్పటిదాకా తెలియదు.

పెద్దకోడలు భర్త వైపు చూసింది. తను గుట్టుగా గుండెల్లో దాచుకున్నది అతను అందరి ముందూ పరిచేశాడు. అదీ తన మీద జాలితో కాదు, అడిగేవాళ్ళ నోరు మూయించడానికి.

"నా పట్టా సంగతి మీకెందుకు? అది నేను చూసుకుంటాను," అంది.

"నాకెందుకంటావేమిటి? ఆ పట్టా మీదే కదా ఈ ఇల్లు నడిచేది. రేపు వీడికి మందులు రాసేది ఎవరు?"

చిన్నకోడలు పెట్టె దగ్గరికి లాక్కుంది. మంచం అంచున కూర్చుని, పెట్టెలో కుక్కిన బట్టలు ఒక్కొక్కటే తీసి ఈసారి పద్ధతిగా మడత పెట్టసాగింది. ఆ మడతలు చూస్తే పెద్దకోడలికి అర్థమైంది. ఇందాకటిది కోపం. ఇది నిర్ణయం.

"సాయంత్రం మా అన్నయ్య వస్తాడు," అంది చిన్నకోడలు ఎవరి వైపూ చూడకుండా. "వెళ్ళిపోతాను."

చిన్నోడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

* * *

ఆ మధ్యాహ్నం ఆస్పత్రి ఓపీ గదిలో పెద్దకోడలి ఎదురుగా ఒక లాండ్రీ ఆవిడ కూర్చుంది. ఇస్త్రీ వేడికి మొద్దుబారిన అరచేతులు. వాటి మీద ఇప్పుడు కొత్తగా ఎర్రటి పొక్కులు.

"సబ్బు మార్చారా?"

"లేదమ్మా. ఎప్పుడూ వాడేదే. నీళ్ళే మారాయి. బకెట్టులో పట్టి ఉంచితే పైన నూనె తేలినట్టు మెరుస్తోంది. మా వీధిలో పిల్లలకి కూడా వంటి మీద దద్దుర్లు."

"ఏ వీధి?"

"క్వారీ వీధి. పాత రాతిక్వారీ ఉంది చూడండి, దాని కిందే. మాకందరికీ ఒకటే బోరు."

ఆవిడ చేతులు ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది పెద్దకోడలు. ఆస్పత్రికి తెచ్చిన రోజు మరిది జుట్టులోంచి వచ్చిన తియ్యటి, ముక్కు మండే వాసన లీలగా తగిలింది. తన భ్రమేనేమో అనుకుంది. మళ్ళీ చూసింది. భ్రమ కాదు.

"ఆ బోరు నీళ్ళు వాడకండి. తాగడానికీ వద్దు, ఉతకడానికీ వద్దు. వీధిలో అందరికీ చెప్పండి."

"ఎందుకని అడిగితే ఏం చెప్పమంటారు?"

పెద్దకోడలు మందుచీటీ చింపి ఆవిడ చేతిలో పెట్టింది. "డాక్టరు వద్దందని చెప్పండి."

ఆవిడ వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, పెద్దకోడలు నగరంలోని పెద్దాస్పత్రికి ఫోను చేసింది. అక్కడి గర్భిణుల డాక్టరు ఆవిడకు చదువు చెప్పిన గురువు. తోడికోడలిని ఒకసారి చూడమని అడిగింది.

"పంపించమ్మా, చూస్తాను," అందావిడ. "ఏం తగిలింది?"

"ఒక రసాయనం, మేడమ్. ద్రావకం లాంటిది."

"ద్రావకాలు సవాలక్ష ఉంటాయి. ఏది?"

"చర్మంలోంచి లోపలికి పోయేది. రక్తంలో ఎర్రకణాలను విరగ్గొడుతుంది."

"పేరు చెప్పు తల్లీ. ఏ పరీక్ష చేయాలో, బిడ్డలో దేనికోసం చూడాలో పేరు తెలియకుండా నేనెలా చెప్పను? కళ్ళకు గంతలు కట్టి వెతకమంటావా?"

"పేరు... నేను చెప్పకూడదు మేడమ్."

గురువు గొంతు చల్లబడిపోయింది. "నీ దగ్గర చదువుకున్న పిల్లెవరైనా నీకు ఫోను చేసి ఈ మాటంటే నువ్వేమనేదానివి?"

ఫోను పెట్టేశాక ఆవిడ చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడింది. ఆ రోజు గుర్తొచ్చింది. మరిది ఊపిరి అందక ఎగబీలుస్తున్నాడు. ఏ మందు ఇవ్వాలో తెలియడం లేదు. ఫోనులో కంపెనీ వకీలు, చాలా మర్యాద తెలిసిన ఆడమనిషి, ఒక్కో షరతూ చదువుతోంది. పేషెంటుకు చెప్పకూడదు. ఇంట్లోవాళ్ళకు చెప్పకూడదు. ఇంకో డాక్టరుకు కూడా చెప్పకూడదు. వెనకాముందూ చూడకుండా సంతకం పెట్టింది. పేరు తెలిసింది. విరుగుడు తెలిసింది. మనిషి దక్కాడు. ఆ క్షణంలో కంపెనీవాళ్ళు దేవుళ్ళలా కనిపించారు కూడా.

మరిది కోసం పెట్టిన సంతకం తోడికోడలి మీదికి వచ్చి పడుతుందని అప్పుడు తోచలేదు.

ఆ వకీలుకే మళ్ళీ ఫోను చేసింది.

"చెప్పండి డాక్టరు గారూ. మీ మరిదిగారు ఇంటికి వెళ్ళారని విన్నాం. చాలా సంతోషం."

"ఆ బట్టలు ఉతికింది వాడి భార్య. గర్భిణి. ఆవిడకు ఆ పేరు చెప్పాలి. ఆవిడను చూడబోయే డాక్టరుకూ చెప్పాలి. అనుమతి ఇవ్వండి."

"ఆవిడకు వైద్యం చేసేది మీరేనా?"

"కాదు."

"అయితే మీతో కుదిరిన ఒప్పందం ఆవిడకు వర్తించదండీ. చూడబోయే డాక్టరు విడిగా అడగవచ్చు. మా వాళ్ళు పరిశీలిస్తారు."

"ఎన్నాళ్ళు పరిశీలిస్తారు?"

"అది నేను చెప్పలేను."

"మీరు పరిశీలించేదాకా కడుపులో బిడ్డ పెరగకుండా ఆగుతుందా?"

"మీ బాధ నాకు అర్థమవుతోంది డాక్టరు గారూ." ఆ గొంతులో నిజంగానే కొంచెం నొప్పి వినిపించింది. "కానీ ఒక్కటి ఆలోచించండి. ఈ విషయం పెద్దదైతే మీ ఇంట్లోనే ఇబ్బంది. మీవారు ఈ కష్టకాలంలో మాకు ఎంతో సహకరించారు. ప్లాంటు మూతపడినా బావులు ఒక్క పూట ఆగకుండా నడిపించారు."

"ప్లాంటు మూతపడిందా?"

అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"ప్లాంటు మూతపడితే ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?" అంది పెద్దకోడలు.

"అది సైటు వ్యవహారం డాక్టరు గారూ. నాకు తెలియదు. ఉంటాను."

* * *

ఇంటికొచ్చేసరికి ఎండ వాలుతోంది. చిన్నకోడలి పెట్టె తాడు కట్టి వసారాలో పెట్టి ఉంది. లోపల గదిలోంచి కుట్టు మిషను చప్పుడు వినిపిస్తోంది. వెళ్ళేలోపు ఆ యూనిఫారాలు పూర్తిచేసి ఇచ్చేయాలని కాబోలు.

చిన్నోడు పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దకోడలు ఎదురుగా మెట్టు మీద కూర్చుని, కట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆ నీళ్ళకు కాలిన చోట కొత్త చర్మం గులాబి రంగులో మెరుస్తోంది.

"నొప్పిగా ఉందా?"

"నువ్వు ముట్టుకుంటే లేదు వదినా. మా ఆవిడ చూపుకే నొప్పంతా."

మామూలుగా అయితే నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. దూదితో మందు అద్దుతూ అడిగింది: "పైపు ఎక్కడ ఊడింది?"

"ఆస్పత్రిలో చెప్పాగా. బండి ఖాళీ చేస్తుంటే."

"ఎక్కడ ఖాళీ చేస్తుంటే?"

వాడు నీళ్ళు నమిలాడు. "అదే... ప్లాంటు దగ్గర."

"ప్లాంటు మూతపడి ఎన్నాళ్ళయింది?"

దూది కింద వాడి చెయ్యి బిగుసుకుపోయింది. పెరట్లో ఆరేసిన దుప్పటి గాలికి టపటపలాడుతోంది. వాడు దాని వైపే చూస్తూ ఉండిపోయాడు.

"క్వారీ వీధి నుంచి ఇవాళ ఒకావిడ వచ్చింది నా దగ్గరికి," అంది పెద్దకోడలు. "చేతులు సరిగ్గా నీ ఆవిడ చేతుల్లాగే ఉన్నాయి. ఆవిడ నీ చొక్కా ఉతకలేదు కదా?"

"నన్ను అడక్కు వదినా."

"నిన్ను కాకపోతే ఎవర్ని అడగను?"

వాడు కళ్ళు మూసుకున్నాడు. పంటి బిగువున ఆపుకుంటున్నది ఆగలేదు. "ప్లాంటు దగ్గర బండ్లు బారులు తీరి నిలబడిపోయాయి. లోపల ట్యాంకులు నిండిపోయాయన్నారు. ఇటు బావుల దగ్గర గుంటలు పొంగిపోతున్నాయి. బావి ఆపితే పైవాళ్ళు ఊరుకోరు. కొన్నాళ్ళే అన్నారు. పాత క్వారీలో వదిలేసి రమ్మన్నారు. రాయే కదా, నేలలోకి ఇంకదు అన్నారు."

"ఎవరన్నారు?"

వాడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు.

"ఎవరు చిన్నోడా?"

"అన్నయ్య." ఆ మాట అనగానే వాడి ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. "మొదటి ట్రిప్పుకి నా పక్క సీట్లో కూచుని దారి చూపించింది వాడే. నాకు భయమేసిందన్నాను. 'నేనున్నాగా' అన్నాడు. చిన్నప్పుడు ఈత నేర్పినప్పుడు కూడా ఇలాగే అనేవాడు."

పెద్దకోడలికి భర్త కళ్ళ ముందు మెదిలాడు. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పి, అమ్మ పక్కన కూచుని వార్తలు చూసే మనిషి. ఆస్పత్రిలో తమ్ముడి మంచం దగ్గర కంటి మీద రెప్ప వేయకుండా కూచున్న మనిషి. ఆ కూచోవడంలో ప్రేమ ఎంతో, భయం ఎంతో ఇప్పుడెవరు విడదీసి చెప్పగలరు?

"ఇదంతా ఆస్పత్రిలోనే నాకెందుకు చెప్పలేదు? ఒక వీధి వీధంతా ఆ నీళ్ళు తాగుతోంది కదరా!"

చిన్నోడు కళ్ళు తెరిచి, తిన్నగా ఆవిడ ముఖంలోకి చూశాడు.

"నువ్వు మాత్రం నా ఒంట్లో ఏముందో నాకు చెప్పావా వదినా?"

వాడు ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే అడిగాడు. అందుకే ఆవిడకు తలెత్తుకోలేనట్టయింది.

కొత్త కట్టు కట్టింది. ముడి వేసింది. లేచి లోపలికి నడిచింది.

* * *

మిషను చప్పుడు ఆగింది.

"ఏం?" అంది చిన్నకోడలు, గుమ్మంలో నిలబడిన పెద్దకోడలిని చూసి. "మందు ఇవ్వడానికొచ్చావా?"

"పేరు చెప్పడానికొచ్చాను."

చిన్నకోడలి చెయ్యి మిషను చక్రం మీదే ఉండిపోయింది. పెద్దకోడలు కత్తిరింపుల బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పేరు చెప్పింది. పొడుగాటి పేరు, మధ్యలో అంకె కూడా ఉంది.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. చిన్నకోడలు కొలతలు గీసే సుద్దముక్క తీసుకుని, బల్ల మీద పరిచిన నీలం గుడ్డ మీద ఆ పేరు రాసుకుంది. ఒత్తు తప్పితే పెద్దకోడలు సరిచేసింది.

"ఇప్పుడు ఇదేం చేస్తుందో చెప్పు. మాత్రలు ఇచ్చేటప్పుడు చెప్పినట్టు కాదు. మనిషికి చెప్పినట్టు చెప్పు."

"చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. రక్తకణాలను విరగ్గొడుతుంది. మూత్రపిండాల మీద పడుతుంది. మీ ఆయనకు జరిగింది అదే. నీకు తగిలింది సబ్బునీళ్ళలో కలిసినది, తక్కువే. అది నిన్ను ఓదార్చడానికి చెప్పడం కాదు, నిజమే."

"బిడ్డకి?"

పెద్దకోడలు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఎక్కువ మోతాదుకి కడుపులో పిల్లలు నిలవలేదు. మనుషుల్లో సరిగ్గా ఎవరూ చూడలేదు. చూడాలంటే పేరు బయటికి రావాలి కదా. నాకు తెలియదమ్మా. తెలిసినంతా ఇదే. నగరంలో మా మేడమ్ ఉన్నారు. ఆవిడకీ ఇందాక వస్తూ దారిలో ఫోను చేసి చెప్పేశాను. రేపు పొద్దున్నే చూస్తానన్నారు."

చిన్నకోడలు ఏడవలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని, గుడ్డ మీది అక్షరాలు ఒక్కొక్కటే చదువుకుంది.

"ఇన్నాళ్ళూ ఏ నీడ చూసినా ఇదేనేమో అని భయపడ్డాను," అంది చివరికి. "ఇప్పుడు కనీసం దేనికి భయపడాలో తెలిసింది." తల ఎత్తి, "నీ ఉద్యోగం పోతుందా అక్కా?" అంది.

"పోవచ్చు."

"పోతే ఇక్కడే నా పక్కన కూచుని కాజాలు కుట్టు. కానీ నీ చేతి కుట్టు ఘోరం. గాయాలకే పనికొస్తుంది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక చిన్నకోడలికి ఏడుపొచ్చింది. పెద్దకోడలు స్టూలు మీంచి లేచి ఆమె తల తన పొట్టకు ఆనించుకుంది.

"ఏం చేశావు నువ్వు?"

గుమ్మంలో పెద్దవాడు. ఎప్పుడొచ్చాడో, ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. అతని వెనక అత్తగారు. అతని కళ్ళు నీలం గుడ్డ మీదే ఉన్నాయి. రెండంగల్లో బల్ల దగ్గరికి వచ్చి, సుద్దగీతలు చెరిపేయబోయాడు. చిన్నకోడలు గుడ్డ లాక్కుని గుండెకు హత్తుకుంది. ఎప్పుడూ బావగారి ఎదుట గొంతెత్తని పిల్ల.

"చెరిపితే పోదు బావగారూ. నాకు నోటికొచ్చేసింది."

అతను భార్య వైపు తిరిగాడు. "నీకేమైనా మతిపోయిందా? రేపు వాళ్ళు వచ్చి అడిగితే ఏం చెబుతావు?"

"చెప్పానని చెబుతాను."

"నీ పరువు, నా ఉద్యోగం, చిన్నోడి వైద్యం, అన్నీ గంగలో కలిపేశావు. ఎందుకోసం?"

"గంగ మాట మీరెత్తకండి." పెద్దకోడలి గొంతు పెరగలేదు. "క్వారీ సంగతి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

పెద్దవాడి ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"క్వారీ ఏమిట్రా?" అంది అత్తగారు.

అతను గుమ్మం వైపు చూశాడు.

"నిన్నే. క్వారీ ఏమిటి?"

"ఏం లేదమ్మా. ఆవిడేదో..."

"అన్నయ్యా."

గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు చిన్నోడు. "నేను చెప్పేశాను. వదినకి. నువ్వు అమ్మకి చెప్పు."

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. ఎప్పుడూ అన్న చూపుకు తల దించుకునే తమ్ముడు ఈసారి దించుకోలేదు. పెద్దవాడే బల్ల అంచు పట్టుకుని, స్టూలు మీద కూలబడ్డాడు.

"నాకు వేరే దారి లేదు," అన్నాడు. తల వంచుకుని నేలతో చెబుతున్నట్టు. "బావులు ఆపమంటే నన్ను తీసేసి ఇంకొకణ్ణి పెడతారు. వాడూ అదే చేస్తాడు. ఏం తేడా?"

"తేడా లేకపోతే మమ్మల్నెందుకు అడుగుతున్నావు?" అంది తల్లి. "అసలు ఏం చేశావో ముందు చెప్పు."

అతను నోరు తెరిచాడు. అప్పుడే చేతిలో ఫోను మోగింది. కట్టేద్దామని నొక్కాడు. వేలు తడబడి ఫోను ఎత్తినట్టయింది, స్పీకరు కూడా ఆన్ అయింది. వెనక ఇంజను రొద, దాని మీద ఒక డ్రైవరు కేక గది నిండా పరుచుకున్నాయి.

"సార్, బండి నింపేశాం. గేటు దగ్గరున్నాను. ఇవాళ కూడా క్వారీకేనా?"

అత్తగారు కొడుకు ముఖంలోకి చూస్తోంది. చిన్నోడు గోడ పట్టుకునే ఉన్నాడు. పెద్దకోడలి చెయ్యి చిన్నకోడలి భుజం మీద ఉంది.

"సార్? వెనక ఇంకో రెండు బండ్లున్నాయి. తోలేయమంటారా?"

పెద్దవాడు ఫోను పెదవుల దగ్గరికి తీసుకున్నాడు.